నాయన ఎత్తిన ఫోను

ఆ ఎండాకాలం నాకు గవదబిళ్ళలు రాకపోయింటే మా నాయన ఈ పొద్దు ఎట్లుండేవాడో నాకు తెలీదు. ఇరవయ్యారేండ్ల దానికి చిన్నపిల్లోళ్ళ జబ్బు వచ్చిందని అప్పుడు సిగ్గుపడినాను గానీ, ఇప్పుడు తల్చుకుంటే ఆ జబ్బుకు దండం పెట్టాలనిపిస్తాది.

మాది నగరి. మా ఇంటి వెనకాల షెడ్డులో నాలుగు పవర్‌లూమ్ మగ్గాలుండేవి. మా నాయన తులసీరాం వాటి మీద నేసేదే గాదు, వీధిలో ఎవరి మగ్గం నిలబడిపోయినా స్పానరు చేతబట్టుకొని పోయేవాడు. ముప్పై ఏండ్లు ఆ సద్దులో బతికిన మనిషి. ఉప్పు అందుకోమని చెప్పినా పక్కవీధికి వినిపించేది. నేసిన గుడ్డ కొనే దిక్కు లేక, నూలు ఇచ్చేవాడు లేక మగ్గాలు ఒకటొకటే ఆగిపోయినాయి. కడాకు పాత ఇనుము కొనేవోళ్ళు వచ్చి లారీకెత్తుకొని పోయినారు. లారీ వీధి మలుపు తిరిగినాక నాయన షెడ్డు తలుపేసి, వరండాలో నవారు మంచం మీద కూచున్నాడు. ఆ పొద్దుతో ఆయన గొంతు మూతపడిపోయింది.

ఉగాది పోయిన వారానికి ఒక సాయంత్రం మంచం మీద నాయన లేడు. వీధంతా ఎతికినాము. పొద్దు గూకేటప్పుడు పక్కింటి గోవిందస్వామి మామ ఆయన్ను బండి మీద కూచోబెట్టుకొని వచ్చినాడు. "రైలుకట్ట మీద గాలికి కూచోనుండినాడు, పిల్సుకొచ్చినా" అన్నాడు మామ, మా అమ్మ మొగం చూడకుండా.

అమ్మ నీళ్ళు తోడింది, అన్నం పెట్టింది. మా అమ్మ చౌడేశ్వరమ్మ నోరు వీధికంతా తెలుసు. నాయనను రోజుకు ఒకసారన్నా తిట్టకపోతే ఆమెకు తిన్నది అరిగేది గాదు. ఆ మనిషి ఆ పొద్దు నుంచి ఆయనతో గాజు సామాను కింద పెట్టినట్టు మాట్లాడేది. "రవంత మజ్జిగ తాగుతావా? ఫ్యాను తిప్పేదా?" అంతే. ఆయన తల ఊపేవాడు, లేకుంటే అదీ లేదు. ఆయన పెరట్లోకి పోతే అమ్మ ఏదో పని ఉన్నట్టు వెనకాలే పోయేది. రాత్రిళ్ళు వాకిలికి అడ్డంగా చాప పరుచుకొని పండుకునేది. పండుకునేది గానీ నిద్రపోయేది గాదు.

ఇంట్లో పొయ్యి నా ఉద్యోగం మీద వెలగతా ఉండేది. తిరుపతిలో భానుచందర్ సార్ అని ఒకాయన చిన్న సర్వీసు ఆఫీసు నడిపిస్తాడు. పల్లెల్లో పాల కేంద్రాలుంటాయి గదా, ఆడ రైతు పాలు పోస్తే తూకమూ వెన్నా లెక్కగట్టి చీటీ ఇచ్చేది కంప్యూటరే. అది మొరాయిస్తే కేంద్రంలో ఉండేవాళ్ళు మా హెల్ప్‌లైనుకు ఫోను చేస్తారు. ఆ ఫోను ఇంట్లో కూచున్న నా సెల్లుకు వస్తాది. పొద్దున పాల వేళ, సాయంత్రం పాల వేళ. తెర మీద ఏముండాదో చదవమంటాను, వాళ్ళు చదువుతారు, ఏం చెయ్యాలో చెప్తాను. వరండాలో మాత్రమే సిగ్నలు అందుతుంది గాబట్టి నాయన మంచం పక్కనే నా కుర్చీ.

నా గొంతు సన్నం. పాల కేంద్రంలో క్యాన్ల మోత, మోటారు బండ్ల మోత, మనుషుల అరుపులు. చెప్పిందే నాలుగుసార్లు చెప్పాల్సొచ్చేది. "వైరు ఊడిందేమో చూడండి." "ఆపి తిరగ వెయ్యండి." "నీలం తెర వస్తే కింద ఉండే అక్షరాలు చదవండి." నాయన గోడదిక్కు తిరిగి పండుకోనుండేవాడు. ఆయన చెవిలో ఇదేమీ పడదనే అనుకున్నాము.

మామిడికాయల లారీలు రోడ్డెక్కే దినాల్లో నాకు గవదబిళ్ళలొచ్చినాయి. రెండు దవడలూ ఉబ్బి మొగం సొరకాయ మాదిరి అయింది. నోరు తెరిస్తే ప్రాణం పోయేటంత నొప్పి. గొంతు అసలే లేదు. నాతోబాటు ఫోన్లెత్తే ఇంకో అమ్మాయి అన్న పెండ్లికని సెలవులో ఉండాది. సార్‌కు మెసేజీ పెడితే, "ఈ పూట ఎట్లన్నా సర్దుకో లోహితా, మధ్యాన్నానికి ఎవర్నన్నా చూస్తా" అని జవాబు వచ్చింది.

ఎట్ల సర్దుకునేది? తెల్లారీ తెల్లారకముందే ఫోను మోగింది. స్పీకరు వేసినాను.

"హలో, హెల్ప్‌లైనేనా? రాజకుప్పం పాల కేంద్రం, శకుంతలమ్మను మాట్లాడేది. కంప్యూటరు లేయలేదు మా. జనమంతా వరసలో నిలబడుండారు. వ్యాను వచ్చేస్తాది. హలో?"

నోరు తెరిచినాను. ఓటి సన్నాయిలో గాలి పోయినట్టు ఏదో సద్దు వచ్చింది. "హలో? ఉండావా మా?" అని ఆమె అరుస్తా ఉండాది. నా కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

అప్పుడు మంచం కిర్రుమనింది. నాయన లేచి కూచున్నాడు. నా దిక్కు ఒకసారి చూసి, చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు.

"హలో! యాడ నుంచి మా మాట్లాడేది?"

పిట్టగోడ మీద కాకి లేచిపోయింది. వంటింట్లో నుంచి అమ్మ గరిటె చేతిలో అట్నే పట్టుకొని పరిగెత్తుకొచ్చింది.

"రాజకుప్పమన్నా! కంప్యూటరు..."

"తెలిసింది. తెర మీద ఏముండాది? ఒగొగ అక్షరం సదువు."

"నల్లగా ఉండాది. తెల్ల అక్షరాలు. ఎన్, ఓ. తిరగ బి, ఓ, ఓ, టి..."

నేను పెన్సిలు కోసం తడుముకుంటా ఉండాను. నాయన నన్ను చూడను గూడా చూడలేదు.

"నో బూటా? సరే. ఆ డబ్బాకు ముందరగానీ యనకగానీ ఏదన్నా పుల్ల మాదిరి గుచ్చి ఉండాదా సూడు. పెన్‌డ్రైవు అంటారే, అది."

రవంతసేపు క్యాన్ల సద్దు. "ఉండాదన్నా! నిన్న నా కొడుకు పాటలెక్కించుకునేదానికి పెట్టినాడు."

"పీకెయ్. ఆ మిషను పొద్దున్నే లేసి దాని పని ఆ పాటల్లో ఎతుక్కుంటా ఉండాది. పీకి, ఆపి, తిరగ ఎయ్."

మేము ముగ్గురమూ ఫోను దిక్కే చూస్తా ఉండినాము. కాసేపటికి అవతల "వచ్చింది! వచ్చేసింది!" అని పది గొంతులు ఒకేసారి వినిపించినాయి. శకుంతలమ్మ అనింది, "ఈ పొద్దే అన్నా మీ లైను సరిగ్గా ఇనపడింది. ఆ పాప మాట క్యాన్ల సద్దులో ఒగటి ఇనపడితే ఒగటి ఇనపడేది గాదు."

నాయన ఫోను నా చేతిలో పెట్టి, మళ్ళీ పండుకున్నాడు. గోడదిక్కు గాదు, ఇటుదిక్కు.

మధ్యాన్నానికి సార్ ఎవర్నీ చూడలేదు. సాయంత్రం పాల వేళకు నాయనే ముందుగా లేచి మొగం కడుక్కొని కూచున్నాడు. ఆ వారమంతా అట్లే జరిగింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. అక్షరాల పేర్లు తెలుసు, అంతే. కానీ నేను నెలలకొద్దీ చెప్పినవన్నీ ఆయన చెవిలో వరసగా పడుండినాయి. తెలీనిది వస్తే "ఫొటో తీసి పంపించు మా" అనేవాడు. నేను ఫొటో చూసి ఏం చెయ్యాలో తెలుగులో రాసి చూపిస్తే దాన్ని ఆయన మగ్గాల షెడ్డు గొంతుతో చదివేవాడు. నీలం తెరలు, ప్రింటరు అలకలు, తూకం మిషనుతో తెగిపోయిన మాటలు, అన్నీ మా వరండాలోనే సర్దుకునేవి. అమ్మ మా ఇద్దరికీ కాఫీ తెచ్చి పెట్టి, వాకిట్లో నిలబడి ఊరికే వింటా ఉండేది.

ఒక సాయంత్రం శకుంతలమ్మే మళ్ళీ చేసింది. ఈసారి తెర మీద ఏమీ లేదు. స్విచ్చి వేస్తే డబ్బా కీ, కీ, కీ అని అరుస్తా ఉండాది. ఆ అరుపు మాకూ వినిపించింది. ర్యామ్ అని లోపలొక పలక ఉంటాది, అది వదులైనా, దుమ్ముబట్టినా అట్లే అరుస్తాది. నేను రెండువేళ్ళతో పలక తీసి తుడిచినట్టు సైగ చేస్తే, నాయన అప్పటికే తల ఊపుతా ఉండాడు.

"కరెంటు వైరు పీకెయ్ మా. పక్క రేకుకు రెండు మరలుంటాయి, ఇప్పు."

"నేనా? వద్దన్నా. నేను తెరిసినాక పాడైతే నా ఉద్యోగం పోతాది."

"ఏమీ గాదు. నేను ముప్పై ఏండ్లు మిషన్లు ఇప్పి బిగించినోన్ని. తెరిసి సూసినందుకు యా మిషనూ సెడిపోలేదు. తెరవకుండా నెత్తిన కొట్టినందుకే సెడిపోతాది. ఇప్పు."

ఆమె విప్పింది. నాయన తొందరపెట్టలేదు. ఒంట్లో ఉండే రవంత కరెంటు దిగిపోయేదానికి ముందు ఆ ఇనప డబ్బాను అరచేత్తో ముట్టుకోమన్నాడు. గీతలుండే సన్నటి పలక కొసల్లో చెవుల మాదిరి రెండు పట్లుంటాయి, వాటిని వంచితే అదే పైకి లేస్తాదన్నాడు. అంగట్లో నుంచి పిల్లోళ్ళ రబ్బరు తెప్పించి, దాని బంగారు అంచును మెల్లగా రుద్దమన్నాడు. "దేవుడి పటం తుడిసినట్ల తుడువు మా. ఆఁ. ఇప్పుడు యాడ తీసినావో ఆడే పెట్టి, టక్కుమనేదాకా ఒత్తు."

స్విచ్చి వేసింది. ఒకే ఒక్క "కీ" అనింది. తర్వాత విండోస్ పాట. అవతల జనం చప్పట్లు కొట్టినారు.

శకుంతలమ్మకు సంతోషం పట్టలేక మాట్లాడతానే ఉండాది. "మీది యా ఊరన్నా? ఏం పని చేస్తారు మీరు?"

అమ్మ వాకిట్లో కదలకుండా నిలబడిపోయింది. ఆ లారీ పోయినప్పటి నుంచి ఆయన మగ్గాల సంగతి ఎవరితోనూ ఎత్తలేదు.

"నగరి మా. మగ్గాలుండేవి నాకు. నాలుగు. ఇప్పుడు లేవు" అన్నాడు. తర్వాత, ఎవరో పక్కనుంచి అందించినట్టు, "ఇప్పుడిదే పని" అన్నాడు.

నా దవడలు తగ్గినాక భానుచందర్ సార్ దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఫోన్లన్నీ రికార్డు అవుతాయి గదా. "ఆ పెద్దగొంతు ఎవరిది? రేపు తిరుపతికి వచ్చి కనపడు" అన్నాడు. అమ్మ గడగడలాడిపోయింది. నా ఉద్యోగం పోతే ఏంగావాల? నాయన మాత్రం ఉతికిన చొక్కా వేసుకొని, "మాట్లాడింది నేను. నేనూ వస్తా" అన్నాడు. ముగ్గురమూ బస్సెక్కినాము.

సార్ నాకు బాగానే పెట్టినాడు చీవాట్లు. బయటి మనిషి చేతికి ఫోను ఇచ్చేది తప్పు, ఏదన్నా జరిగుంటే ఎవరు జవాబు చెప్పాల అన్నాడు. నేను తల వంచుకొని విన్నాను. తర్వాత కుర్చీ నాయన దిక్కు తిప్పినాడు.

"ఫోన్లో మిమ్మల్ని పెట్టుకునేదానికి రూలు ఒప్పదు పెద్దాయనా. ఫొటోలో ఇంగ్లీషు చదవాల, మెయిలు రాయాల. అయితే మా కంప్లయింట్లల్లో సగం దుమ్ము, బల్లులు, వదులు వైర్లు. ఎండాకాలం జాస్తి. కేంద్రాలన్నీ తిరిగి, తెరిచి, తుడిచి, బిగించి వచ్చే మనిషి కావాల. కుర్రోళ్ళు వారం తిరిగి మానేస్తా ఉండారు. మీరు పోతారా?"

నాయన అమ్మ దిక్కు చూసినాడు. "ఈమెను అడగాల సార్" అన్నాడు.

తిరుగు బస్సులో పుత్తూరు దాటినాక, నాయన కునుకుతా ఉంటే, అమ్మ నా చెవిలో అడిగింది. "పాపా, ఆ ఊర్లల్లో రైలు పోతాదా?"

"కొన్నింట్లో పోతాదిమా" అన్నాను. అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేకపోయినాను.

అమ్మ కిటికీలోంచి చూస్తా కూచుంది. ఇల్లు చేరినాక పెట్టెలోంచి అన్నం కట్టే పాత క్యారియరు తీసి, చింతపండు వేసి తోమింది. అదే ఆమె జవాబు.

మొదటి రెండు దినాలు నాయన పక్క ఊర్లకే పోయినాడు. భుజాన సంచి. అందులో స్క్రూడ్రైవర్లు, పెయింటు బ్రష్షు, రబ్బర్లు. అమ్మ గంటకొకసారి ఫోను చేసేది. "అన్నం తిన్నావా? యాడుండావు?" ఆయన విసుక్కోకుండా చెప్పేవాడు. మూడోనాడు రాజకుప్పం పోయినాడు. అది దూరం. సాయంత్రం బస్సుకు వచ్చేస్తానన్నాడు.

సాయంత్రం బస్సు వచ్చింది. నాయన రాలేదు. అమ్మ ఫోను చేస్తే స్విచ్చాఫ్. నేను చేస్తే స్విచ్చాఫ్. రాజకుప్పం కేంద్రం ఫోను ఎవరూ ఎత్తలేదు. పాల వేళ, క్యాన్ల సద్దులో వినపడదులే అని అమ్మతో అన్నాను. అమ్మ నన్ను చూసిన చూపుకు నా మాట నాకే అబద్ధంగా వినిపించింది. "నేనే పంపిస్తి. క్యారియరు గట్టి పంపిస్తి" అంటా గడపలో కూలబడింది.

గోవిందస్వామి మామ మా మొగాలు చూసి బండి తీసినాడు. నేను వెనక కూచున్నాను. యాడికని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. బండి రైలుకట్ట దిక్కు తిరిగింది.

కట్ట మీద ఎవరూ లేరు. ఆ కొస నుంచి ఈ కొసకు చూసినాము. పడమటి కొండల మీద ఇంకా ఎర్రగా ఉండాది. మామ చేతులు నడుముకు పెట్టుకొని నిలబడినాడు. "ఈడ లేడంటే మంచిదే గదా పాపా" అన్నాడు.

అప్పుడు నా సెల్లు మోగింది. హెల్ప్‌లైను ఫోను. ఎత్తే ఓపిక లేదు. అయినా నెలల అలవాటు, వేలు దానంతటదే ఒత్తింది.

"హలో! హెల్ప్‌లైనా?"

అవతలి గొంతుకు మామ కూడా ఎగిరిపడినాడు.

"నాయనా!"

"ఆఁ, నువ్వేనా? మంచిదాయె. ఇను. ఈడ డబ్బా లోపల సూసేదానికి నా సెల్లు లైటు యేసి యేసి చార్జీ అయిపోయింది. శకుంతలమ్మ ఫోనులో చేస్తా ఉండా. మీ నంబర్లు నాకు నోటికి రావు గదా, గోడ మీద ఈ హెల్ప్‌లైను నంబరు రాసుంటే కొట్టినా. ఈడ కరెంటు పోయి వచ్చింది. తెర మీద కొత్తది ఏదో వచ్చింది పాపా, నాకు తెలీలేదు. సదివేదా?"

నేను కట్ట మీద కంకరరాళ్ళల్లోనే కూచున్నాను.

"హలో! ఇనపడతా ఉండాదా?"

"ఉండాది నాయనా. సదువు."

"సి, యం, ఓ, యస్. దాని తర్వాత ఏదో పెద్ద మాట. అడుగున యఫ్ వన్ అని ఉండాది."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చినాయి. చెప్పినాను. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటాది, అది అయిపోతే కంప్యూటరు తేదీ మరిచిపోతాది, అందుకే ఈ మాట. ఇప్పటికి యఫ్ వన్ ఒత్తి, తేదీ, టైము సరిచేస్తే పాలు పోయించుకోవచ్చు. రేపు కొత్త బ్యాటరీ కొనుక్కొని పోవచ్చు. ఆయన నేను చెప్పిన ప్రతి మాటా గట్టిగా తిరిగి చెప్తా, శకుంతలమ్మ చేత ఒత్తించినాడు. "పన్జేసింది!" అన్నాడు. "మీ యమ్మకు సెప్పు, పాల వ్యానులో వచ్చేస్తానని. బస్సు పోయింది."

మామ కండ్లు తుడుచుకొని బండి స్టార్టు చేసినాడు. ఇంటికి పోయి చెప్తే, అమ్మ లేచి పొయ్యి ముట్టించి, సంగటి కెలికింది.

వీధి దీపాలు వెలిగినాక పాల వ్యాను మా వాకిట్లో ఆగింది. నాయన దిగినాడు. చొక్కా అంతా దుమ్ము, నెత్తిన సాలెగూడు. "ఎంత ఎండప్పా! ఆ కంప్యూటరులో బల్లి గుడ్లు పెట్టిందిమే! ఇన్నావా?" అంటా గడప తొక్కినాడు.

అంతే, అమ్మ మొదలుపెట్టింది.

"ఏం మనిసివయ్యా నువ్వు? బుద్ధుండాదా నీకు? సార్జీ లేకపోతే ఎవురి సెల్లన్నా అడుక్కొని ఒగ మాట సెప్పలేవా? బల్లి గుడ్లంట బల్లి గుడ్లు! ఈడ నేను గడపలో కూలబడి ఉండా, ఈయనకు బల్లి గుడ్లు కావాల! ఆ బిడ్డ యాడ యాడ తిరిగొచ్చిందో తెలుసా నీకు? పెండ్లయిన కాడి నుంచి ఇంతే నువ్వు, సెప్పా పెట్టా లేదు..." వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. నాయన సంచి దించి, తిట్లన్నీ వానలో తడిసినట్టు నిలబడి తిన్నాడు. మూడు నెలలకు ముందు ఇట్లే నిలబడేవాడు.

అమ్మ ఊపిరి తీసుకునేదానికి ఆగితే మెల్లగా అడిగినాడు. "సంగటి ఉండాదా?"

"ఉండాది. తిని సావు!"

ఆ మాట నోట్లోంచి బయటపడినాక అమ్మ గరిటె పట్టుకొని అట్నే బిగుసుకుపోయింది. ఉగాది నుంచి మా ఇంట్లో సావు అనే మాట ఎవరమూ పలకలేదు. పండ్లు బిగబట్టుకొని తిరిగినాము. నేను నాయన మొగం చూసినాను. మామ నేల చూసినాడు.

నాయన కాళ్ళు కడుక్కొని, తుండుగుడ్డతో మొగం తుడుచుకొని, పీట మీద కూచున్నాడు.

"యాడ కుదురుతాదిమే?" అన్నాడు వీధంతా వినిపించేటట్టు. "రేపు పొద్దున్నే మొదటి బస్సుకు పోవాల. బ్యాటరీ కొనుక్కొని పోతానని ఆయమ్మకు మాటిచ్చినా. ముందు సంగటి పెట్టు."

అమ్మ పెట్టింది. ఊరిబిండి పచ్చడి వేసింది. ఆయన తింటా ఉంటే ఎదురుగా కూచొని, మిగిలిన తిట్లు కూడా ఒకటీ మిగలకుండా పూర్తిచేసింది. ఆ పొద్దు వాకిలికి అడ్డంగా చాప వెయ్యలేదు.